నూరునకు సరిపెట్టెడి యంత్రము

సహజవాయువును విశ్లేషించు యంత్రమును పరిశ్రమలవారు కొనినప్పుడు దానివెంట ఒక లావుపాటి పుస్తకము వచ్చును. వాడుకలో దానిని మాన్యువల్ అందురు. యంత్రమును ఎట్లు నిలుపవలెను, ఏ వాల్వును ఎప్పుడు త్రిప్పవలెను, ఏ ఫిల్టరును ఎన్ని నెలల కొకమారు మార్చవలెను, ఏ దీపము వెలిగినచో ఏమి చేయవలెను అను విషయములన్నియు అందు వరుసగా ఉండును. ఇట్టి పుస్తకమును ఎవరును గ్రంథముగా లెక్కింపరు. సమీక్షలలో దానికి చోటు లేదు. అయినను నడిరాత్రి ప్లాంటులో ఒంటరిగా డ్యూటీలో నున్న యువకునకు యంత్రము మొరాయించినపుడు పాఠ్యగ్రంథమును, గురువును, సలహాదారును ఆ పుస్తకమే. అది శాస్త్రమును సరిగా బోధించుచున్నదా లేదా యని పరిశీలించుట న్యాయము. ఈ విమర్శ ఏ యొక్క కంపెనీ పుస్తకమును గురించినదియు కాదు. దేశములు వేరైనను, అట్టలు వేరైనను, ఈ పుస్తకములన్నియు ఒకే అచ్చులో పోసినట్లుండును. వాని గుణములును దోషములును కూడ ఇంచుమించు ఒక్కటే.

మొదట యంత్రమును గూర్చి కొంత తెలిసికొనవలెను. దీని పేరు గ్యాసు క్రొమటోగ్రాఫు. ద్రవమునకు బదులు వాయువును ప్రవహింపజేసి కూడ మిశ్రమములను విడదీయవచ్చునని మార్టిన్, సింజ్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు 1941లోనే వ్రాసిరి. ఆ వాక్యము పదేండ్లు అచ్చులోనే నిద్రపోయినది. 1952లో జేమ్స్ అను సహచరునితో కలిసి మార్టినే దానిని ప్రయోగముచే నిరూపించెను. మార్టిన్, సింజ్ లకు నోబెల్ బహుమానము లభించినదియు ఆ సంవత్సరముననే.

పెద్ద గొట్టములో పోవుచున్న సహజవాయువు నుండి చెంచాలో పట్టునంతకంటె తక్కువ నమూనాను తీసి, ఎడతెగక ప్రవహించుచున్న హీలియములోనికి యంత్రము వదలును. హీలియము ఆ నమూనాను మోసికొని, పొడి నింపిన సన్నని గొట్టముల గుండ పోవును. ఈ పొడి కొన్ని వాయువులను ఎక్కువసేపు పట్టుకొనును, కొన్నింటిని వెంటనే విడిచిపెట్టును. కనుక ఒకేసారి బయలుదేరిన మీథేను, ఈథేను, ప్రొపేను, నత్రజని, బొగ్గుపులుసు వాయువు మొదలగునవి ఒకదాని తరువాత నొకటిగా ఆవలి చివరకు చేరును. తిరునాళ్ళకు ఒక్కసారే బయలుదేరిన జనము దారిలో అంగళ్ళవద్ద నిలిచినవారు, నిలువనివారు అని విడిపోయినట్లే యిదియును.

ఆవలి చివర ఒక చిన్న వేడిగుండు ఉండును. హీలియము ఉష్ణమును మిక్కిలి బాగుగా వహించును: నత్రజని కంటె సుమారు ఆరు రెట్లు, మీథేను కంటె నాలుగు రెట్లకు పైగా. ఒట్టి హీలియము తగులుచున్నంతవరకు గుండు చల్లబడుచునే యుండును. మీథేను వచ్చిన క్షణమున ఆ చల్లదనము తగ్గి గుండు వేడెక్కును, దాని విద్యున్నిరోధము మారును. ఆ మార్పును కొలుచునది కళాశాల ప్రయోగశాలలో ప్రతి విద్యార్థియు చేసిన వీట్‌స్టన్ బ్రిడ్జియే. మార్పును కాలముతో గీచినచో కాగితముపై కొండ శిఖరముల వంటి గీత వచ్చును. శిఖరము ఎప్పుడు వచ్చినదో చూచి అది ఏ వాయువో, దాని వైశాల్యము ఎంతో చూచి ఆ వాయువు ఎంతో యంత్రము నిర్ణయించును. నాలుగైదు నిమిషములలో పని పూర్తియగును. పది పదకొండు పేర్లతో ఒక పట్టిక వెలువడును. పట్టిక అడుగున మొత్తము: 100.00.

ఈ పట్టిక ఊరకే తెలిసికొనుటకు కాదు. ఒక మోలు మీథేను మండినచో సుమారు 891 కిలోజౌళ్ళ ఉష్ణము వచ్చును. ఈథేనుకు 1561, ప్రొపేనుకు 2219. నత్రజనికిని బొగ్గుపులుసు వాయువునకును ఏమియు రాదు. పట్టికలోని పాళ్ళను ఈ అంకెలతో గుణించి కూడినచో వాయువు యొక్క ఉష్ణవిలువ తేలును. భారతదేశమున సహజవాయువు ధరను పది లక్షల బ్రిటిషు ఉష్ణమానములకు ఇంత యని కట్టుదురు. కావున ఎరువుల కర్మాగారము గాని విద్యుత్కేంద్రము గాని చెల్లించు ప్రతి బిల్లులోను ఈ చిన్నగుండు చెప్పిన మాట ఇమిడియుండును. ఒక శాతము తప్పు అన్నచో బిల్లులో నూటికి రూపాయి తప్పు. ఎదురుపక్షమునకు ఆ తప్పు కనబడదు.

ఇక పుస్తకముల సంగతి. వాని మంచిని ముందు చెప్పుట మర్యాద. వాక్యములు చిన్నవి. ఒక వాక్యమున ఒక్క పనియే చెప్పుదురు. బొమ్మలు స్పష్టముగా ఉండును. ప్రమాదకరమైన చోట్ల హెచ్చరికను పనికి తరువాత కాక పనికి ముందు వ్రాయుదురు. ఈ వరుసను తెలుగులో ప్రయోగదీపికలు వ్రాయువారు నేర్చికొనదగును. సిలిండరు మూత విప్పిన తరువాత "జాగ్రత్త" అని చదువుట ఎవరికి లాభము? హీలియము ప్రవాహము ఆగినపుడు గుండునకు విద్యుత్తును ఆపవలెనని ఇంచుమించు అన్ని మాన్యువళ్ళలోను పెద్ద అక్షరములలో ఉండును. అది సరియైన మాట. కాని ఎందుకని అడిగినచో పెక్కు పుస్తకములు మౌనము వహించును. గుండును చల్లార్చునది హీలియమే గదా, అది లేనిచో గుండు కాలిపోవునని ఒక్క వాక్యము చేర్చినయెడల చదువరికి ఆజ్ఞ కాస్త అర్థముగా మారెడిది. చేతికి పని చెప్పి బుద్ధికి పని చెప్పకపోవుట ఈ పుస్తకముల మొదటి లోపము. తక్కిన లోపములన్నియు దాని సంతానమే.

పుటల పంపకమును చూడుడు. తెరమీది మెనూలకు నూరు పుటలు, విద్యుత్తీగల బిగింపునకు ఏబది పుటలు. నమూనా వాయువును గొట్టము నుండి యంత్రమువరకు తెచ్చుటకు నాలుగైదు పుటలు. వాస్తవమున వచ్చెడి చిక్కులలో పెక్కు అక్కడనే పుట్టును. పెద్ద గొట్టములో వాయువు 50, 60 బార్ల పీడనమున ఉండును. దానిని ఒకటి రెండు బార్లకు దింపి యంత్రమునకు పంపవలెను. సహజవాయువు పీడనము ఒక బారు తగ్గినచో ఉష్ణోగ్రత ఇంచుమించు అర డిగ్రీ సెంటిగ్రేడు తగ్గును. ఏబది బార్లు దిగునప్పటికి ఇరువదియైదు డిగ్రీల చలి పుట్టినది. ఆ చలికి బరువైన పెంటేను, హెక్సేను వంటివి మంచుబిందువులవలె గొట్టపుగోడలకు అంటుకొనవచ్చును. యంత్రమునకు చేరునది మిగిలిన తేలికవాయువు మాత్రమే. యంత్రము తనకు చేరినదానిని తప్పులేకుండ విశ్లేషించును. అయినను ఫలితము తప్పు! రెగ్యులేటరును, నమూనా గొట్టమును వేడిగా ఉంచుడని పుస్తకము చెప్పును. ఏమి జరుగుచున్నందున ఉంచవలెనో చెప్పదు. వేడిచేయు తీగ చెడిపోయిన దినమున "పరవాలేదు, వాయువు వచ్చుచునే యున్నది గదా" అని ఉద్యోగి అనుకొన్నచో తప్పు అతనిది మాత్రమే కాదు.

ఆలస్యము సంగతి మరియొకటి. నాలుగు మిల్లీమీటర్ల లోపలి వ్యాసముగల గొట్టము ఏబది మీటర్ల పొడవున్న దనుకొందము. దానిలో పట్టు వాయువు సుమారు 628 ఘన సెంటిమీటర్లు. పీడనము సాధారణ వాతావరణమునకు రెండింతలైనచో అది 1256 ఘన సెంటిమీటర్ల మామూలు వాయువునకు సమానము. నిమిషమునకు 100 ఘన సెంటిమీటర్ల చొప్పున మాత్రమే వాయువును తీసికొన్నచో నమూనా యంత్రమును చేరుటకు పండ్రెండున్నర నిమిషములు పట్టును. అనగా యంత్రము చూపునది గడచినకాలపు వాయువును. కనుకనే అక్కరకు మించిన వాయువును వేగముగా పారనిచ్చి, అందులో కొంత మాత్రమే యంత్రమునకు మళ్ళింతురు. పదవ తరగతి విద్యార్థి చేయదగిన ఈ లెక్కను మాన్యువళ్ళు ఎందుకు చేయవో తెలియదు. పొడవు ఇంతకు మించరాదని ఒక అంకె నిచ్చి ఊరకుందురు. వేరు గొట్టము, వేరు పీడనము ఉన్నచోట ఆ అంకె ఎట్లు పనికివచ్చును?

పెక్కు మాన్యువళ్ళు చలిదేశములలో వ్రాయబడినవి. గడ్డకట్టుట, మంచు, గాలివాన వీనిని గురించి శ్రద్ధ కనబడును. ఆంధ్ర తీరమున వాయువును బయటకు విడుచు సన్నని గొట్టపుమూతిలో కందిరీగ గూడు కట్టినచో ఏమగునో వాని రచయితలకు తోచదు. ఆ మూతి మూసికొనిపోయినచో నమూనా గదిలో పీడనము పెరుగును, యంత్రము ఎక్కువ వాయువును మ్రింగును. ఒక చిన్న జల్లెడముక్కతో నివారింపదగిన దోషము ఇది.

తరువాతి అధ్యాయము క్రమాంకనము. యంత్రమునకు సొంతముగా ఏమియు తెలియదు. ఏ వాయువు ఎంతపాలు ఉన్నదో ముందే తూచి నింపిన మిశ్రమమును సిలిండరులో తెచ్చి, దినమునకో వారమునకో ఒకమారు దానికి చూపింతురు. ఇంత శాతమునకు ఇంత వైశాల్యము అని యంత్రము నేర్చికొనును. వైశాల్యమును శాతముచే భాగింపగా వచ్చినది ప్రతిస్పందన గుణకము. ఇక సిలిండరు చెప్పినదే వేదము. ఆ వేదములోనే తప్పున్నచో? చలిలో నిలిచిన సిలిండరులో పెంటేను కొంత ద్రవమై అడుగున చేరినదనుకొందము. పైకి వచ్చు వాయువులో పెంటేను తక్కువ. యంత్రము చూచిన వైశాల్యము తక్కువ, కాగితము మీది శాతము మాత్రము మునుపటిదే. గుణకము తగ్గిపోవును. ఆ తరువాత పెద్ద గొట్టములోని వాయువును చూచినపుడు యంత్రము అదే చిన్న గుణకముతో భాగించి, పెంటేను ఉన్నదానికంటె ఎక్కువగా చూపును. ఉష్ణవిలువ పెరుగును, బిల్లు పెరుగును. గురువు పొరపాటు శిష్యునిలో తిరుగబడి కనబడుట ఇక్కడి విచిత్రము.

ఇట్టి సందర్భమున మాన్యువల్ ఏమి చెప్పును? "క్రమాంకనము విజయవంతమైనది" అను మాట తెరపై కనబడవలెనని చెప్పును. విజయమనగా గుణకము పాతదానికంటె నిర్ణీతమైన మేరకు మించి మారలేదని మాత్రమే అర్థము. దినమునకు కొంచెముగా మారుచు పోయినచో ప్రతిదినమును విజయమే. నెల తిరుగునప్పటికి యంత్రము ఎక్కడనుండి ఎక్కడకు కొట్టుకొనిపోయినదో ఏ విజయపత్రమును చెప్పదు. నూతన గుణకములను పాత పుస్తకములో చేతితో వ్రాసిపెట్టుకొన్న ఉద్యోగికి మాత్రమే అది తెలియును. యంత్రము తనంతట తానే క్రమాంకనము చేసికొనునని గొప్పగా చెప్పెడి మాన్యువళ్ళు ఈ చేతివ్రాత అలవాటును వదలుకొమ్మని పరోక్షముగా బోధించుచున్నవి. ఇది మేలు కాదు.

సిలిండరును మార్చినపుడు బిగింపులో చిక్కుకొన్న గాలిని నాలుగైదు సారులు వాయువుతో నింపి, వదలి, శుభ్రపరచవలెను. లేనిచో గాలిలోని ఆమ్లజనియు నత్రజనియు యంత్రములోనికి పోవును. ఈ పనికి సాధారణముగా వాడెడి గొట్టములలో ఆ రెండును విడిపోవు. ఒకే శిఖరముగా వచ్చును, యంత్రము దానికి నత్రజని యని పేరు పెట్టును. ఇందుచేత గాలి కలిసినదన్న సంగతి పట్టికలో ఎక్కడను గాలి పేరుతో కనబడదు. నత్రజని నిన్నటికంటె నేడు హఠాత్తుగా పెరిగినచో భూగర్భమును అనుమానించుటకు ముందు బిగింపును అనుమానింపవలెను.

ఇప్పుడు అసలు అభియోగము. పట్టిక అడుగున ఎల్లప్పుడును 100.00 ఉండునని పైన చెప్పబడినది. అది యెట్లు సాధ్యము? పదకొండు వాయువులను వేర్వేరుగా కొలిచి కూడినచో 99.3 రావచ్చును, 100.6 రావచ్చును. సరిగా నూరే వచ్చుట వింత. యంత్రము చేయునది ఇది: ముందు ముడి మొత్తమును కట్టును. ఆ మీదట ప్రతి అంకెను ఆ మొత్తముచే భాగించి నూరుచే గుణించును. అంతట కూడిక సరిగా నూరగును. మాన్యువళ్ళలో దీనికి దొరకు చోటు ఒకటి రెండు వాక్యములు. కొన్నింట ఒక మెనూలోని "అవును, కాదు" అను ప్రశ్న మాత్రమే.

ఈ సరిపెట్టుట మోసము కాదు, దానికి న్యాయమైన కారణము కలదు. నమూనా గదిలో పట్టు వాయువు బయటి వాతావరణ పీడనముపై ఆధారపడును. బారోమీటరు ఒక శాతము దిగినచో గదిలో వాయువు ఒక శాతము తగ్గును, అన్ని శిఖరములును ఒకే నిష్పత్తిలో తగ్గును. బంగాళాఖాతమున తుపాను పుట్టి పీడనము ముప్పది మిల్లీబార్లు పడిపోయిన దినమున ఏ తప్పును లేకయే ముడి మొత్తము 97కు దిగవచ్చును. అప్పుడు నూరునకు సరిపెట్టుట ఎంతయు సబబు. పాళ్ళు మారలేదు గదా! ఇంతవరకు యంత్రము పక్షమున వాదింపవచ్చును.

కాని ముడి మొత్తము 97 అగుటకు మరియొక కారణము కూడ ఉండవచ్చును. మిగిలిన మూడు పాళ్ళు యంత్రము కంటికి ఆనని వస్తువైయుండవచ్చును. ఉదాహరణమునకు ఉదజని. ఇది కల్పన కాదు. ఇండ్లకు పోవు సహజవాయువులో ఉదజనిని కొలదిగా కలుపు ప్రయత్నము గుజరాతులో సూరతు సమీపమున కవాస్ వద్ద 2023లో ఆరంభమైనది. ఉదజనియు ఉష్ణవాహకతలో హీలియమునకు దగ్గరగా ఉండునది. హీలియపు ప్రవాహములో ఉదజని వచ్చినచో వేడిగుండునకు భేదము దాదాపు తెలియదు. వచ్చెడి శిఖరము మిక్కిలి చిన్నది, నమ్మదగనిది. దానిని కొలువవలెనన్నచో ఆర్గాను వంటి వేరొక వాహక వాయువుతో వేరొక ఏర్పాటు కావలెను. అట్టి ఏర్పాటు లేని పాత యంత్రమునకు ఇట్టి వాయువును చూపినామనుకొందము: మీథేను 90, ఈథేను 4, ప్రొపేను 2, నత్రజని 1, ఉదజని 3. యంత్రమునకు కనబడినది 97 మాత్రమే. అది నూరునకు సరిపెట్టును. పట్టికలో మీథేను 92.8, ఈథేను 4.1, ప్రొపేను 2.1, నత్రజని 1.0 అని వచ్చును. మొత్తము ఏ లోపమును లేని నూరు.

ఉష్ణవిలువను లెక్కింపుడు. ఉదజని మోలుకు 286 కిలోజౌళ్ళు మాత్రమే ఇచ్చును. అసలు మిశ్రమమునకు మోలుకు సుమారు 917 కిలోజౌళ్ళు. పట్టికను నమ్మినచో 937. రెండు శాతమునకు మించిన తప్పు. కొనువాడు లేని ఉష్ణమునకు డబ్బు చెల్లించును. తుపాను దినమున వచ్చిన 97కును ఈ 97కును పట్టికలో తేడా యేమి? ఏమియు లేదు. రెండింటిని ఒకే నూరు కప్పివేసినది. తేడా తెలియజేయునది ముడి మొత్తమును, ప్రక్కన బారోమీటరు అంకెయును. ముడి మొత్తమును ఏదో మూల మెనూలో దాచి, నూరును మాత్రము పెద్ద అక్షరములలో చూపు యంత్రము సత్యమును దాచినదనుట అతిశయోక్తియే. కాని అడుగనివానికి చెప్పకుండ ఊరకున్నది. అడుగవలెనని నేర్పవలసినది పుస్తకము. అది నేర్పలేదు.

మిగిలినదానిని లెక్కలోనికి తీసికొనక పోయినచో శాస్త్రమునకు ఎంత నష్టము కలిగెడిదో చరిత్ర చెప్పును. 1785లో కేవెండిషు గాలిలోని నత్రజనిని విద్యుత్కణములతో కలిపివేయగా, నూట యిరువదవ వంతునకు మించని చిన్న బుడగ యొకటి ఎంతకును కలియక మిగిలిపోయెను. ఆయన దానిని మిగులుగానే వ్రాసిపెట్టెను. నూరు సంవత్సరములు దాటిన తరువాత రేలీ ప్రభువు గాలినుండి తీసిన నత్రజని లీటరుకు 1.2572 గ్రాములు, రసాయనములనుండి తీసినది 1.2505 గ్రాములు తూగుట చూచెను. రెండు వందలలో ఒక వంతు భేదము. సగటు కట్టి సరిపెట్టినచో ఎవరు కాదందురు? ఆయన సరిపెట్టలేదు. 1894లో రేలీ, రాంసేలు ఆర్గానును ప్రకటించిరి. కేవెండిషు బుడగ అదియే.

సహజవాయువులోనే ఇంతకంటె దగ్గరి కథ యొకటి కలదు. 1903లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున డెక్స్‌టరు అను చిన్న ఊరిలో బావి త్రవ్వగా వాయువు హోరున వెలువడెను. ఊరివారు ఉత్సవము చేసి, దానికి నిప్పంటింపబోగా అంటుకొనలేదు. మండుచున్న గడ్డిమోపును దగ్గరకు తోసినను అది ఆరిపోయెను. ఆ వాయువును ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు పంపిరి. మీథేను పదునైదు, నత్రజని సుమారు డెబ్బదిరెండు శాతము, ఇంకను సుమారు పండ్రెండు శాతము ఏదియో తెలియనిది. ఆ కాలపు విశ్లేషకులకు ఒక అలవాటుండెడిది: తక్కిన వాయువులను రసాయనములతో పీల్చివేసి, పీల్చుటకు లొంగనిదాని కంతటికిని "నత్రజని" యని పేరు పెట్టుట. అట్లు చేసినచో పట్టిక నూరునకు సరిపోయెడిది, పని ముగిసెడిది. కేడీ, మెక్‌ఫార్లాండు అను రసాయనాచార్యులు అట్లు చేయక తెలియనిదానిని తెలియనిదిగానే నిలిపి, 1905లో దానిని ద్రవవాయువు చలిలో పరీక్షించిరి. అందు 1.84 శాతము హీలియము దొరికెను. అంతకుముందు హీలియము భూమిపై బహు అరుదని అందరును ఎంచుచుండిరి.

హీలియమన్న పేరు గుంటూరువారికి కొత్త కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెను గుంటూరునకే వచ్చెను. ఆ సంవత్సరముననే సూర్యుని కాంతిలో తెలిసిన ఏ మూలకమునకును చెందని పసుపుపచ్చని గీత గుర్తింపబడెను. సూర్యునిలో కనబడిన ఆ మూలకమును 1895లో రాంసే భూమిమీద ఒక ఖనిజమునుండి వెలికితీసెను. తరువాత డెక్స్‌టరు బావి దారి చూపగా సహజవాయువు బావులే హీలియమునకు గనులైనవి. నేడు విశ్లేషణయంత్రమున నమూనాను మోయుచున్న హీలియము అట్టి బావులనుండి వచ్చినదే. వంద యేండ్ల క్రిందటి విశ్లేషకుడు నూరునకు సరిపెట్టక విడిచిన మిగులు నేడు నూరునకు సరిపెట్టెడి యంత్రమును నడుపుచున్నది!

పట్టికలో లేనివి ఉదజని మాత్రమే కాదు. నీటి ఆవిరికి అందు వరుస లేదు, గంధకపు వాయువులకు లేదు. వానిని కొలుచుటకు వేరు పరికరములు కావలెను. మాన్యువళ్ళు ఈ సంగతిని ఎక్కడనో "ఈ యంత్రము కొలుచునవి" అను శీర్షిక క్రింద ఉన్నవాని పేర్లు చెప్పి, లేనివానిని చదువరి ఊహకు విడుచును. కోనసీమలోని నగరం గ్రామమున 2014 జూన్ 27న సహజవాయువు గొట్టము పగిలి నిప్పంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. నీరు మొదలగునవి పూర్తిగా తొలగింపని వాయువు గొట్టములో పోవుటచే లోపల తుప్పు తిని లోహము పలుచబడినదని విచారణలో తేలెను. ఆ దుర్ఘటనకు ఏ విశ్లేషణయంత్రమును కారణము కాదు, దాని మాన్యువలును కాదు. కాని పది పేర్ల పట్టికను, దాని క్రింది నూరును చూచి "ఈ వాయువులో ఇంతకు మించి ఏమియు లేదు" అనుకొనుట ఎంత ప్రమాదమో చమురు వాయువుల నేలపై పనిచేయబోవు విద్యార్థికి ఇంతకంటె స్పష్టముగా చెప్పు ఉదాహరణము లేదు. "ఇది కొలువనివి" అను ఒక్క పుట, మొదటి అధ్యాయములో, పెద్ద అక్షరములలో ఉండవలసినది.

ఇంకొక ఊహ కూడ పట్టికలో దాగియున్నది. హెక్సేనును, దానికంటె బరువైనవానిని యంత్రము విడదీయదు. వెనుకకు త్రిప్పి ఒకే మూటగా కొలుచును. ఆ మూటలో ఏది ఎంతో తెలియదు కనుక, సుమారు 47 పాళ్ళు హెక్సేను, 35 పాళ్ళు హెప్టేను, 17 పాళ్ళు ఆక్టేను అను రివాజు పంపకమును వాడుదురు. తేలిక వాయువునకు దీనితో పెద్ద చిక్కు లేదు. బరువైన ద్రవములు తోడుగా వచ్చెడి బావుల వాయువునకు ఈ పంపకము సరిపోవునా యని అడుగు హక్కు ఉద్యోగికి ఉన్నది. పంపకమును మార్చు మెనూ ఎక్కడనున్నదో మాన్యువల్ చెప్పును. ఎప్పుడు మార్చవలెనో చెప్పదు.

పాఠశాలలలోను కళాశాలలలోను ప్రయోగపుస్తకములు దిద్దువారికి ఈ నూరు పరిచితమే. బ్యూరెట్టు పాఠములు మూడును 10.1, 10.1, 10.1 అని వ్రాసిన పుస్తకమునకు మంచి మార్కులు పడును, 10.1, 10.4, 10.2 అని ఉన్నదున్నట్లు వ్రాసినవానికి ఎర్రసిరా పడును. యంత్రమును నిందించుటకు ముందు ఆ ఎర్రసిరాను కూడ కొంచెము పరిశీలింపవలసియున్నది.

ఏ ప్లాంటునైనను చూడబోవు ఉపాధ్యాయుడు అక్కడి క్రమాంకనపు కాగితము నొకదానిని అడిగి తెచ్చుకొనవచ్చును. దానిలో మీథేను, ఈథేను, ప్రొపేను, బ్యూటేను, పెంటేనుల ప్రతిస్పందన గుణకములు ఉండును. వాని అణుభారములు 16, 30, 44, 58, 72. విద్యార్థులచే రెండు రకముల అంకెలకును లాగరిథములు తీయించి, గ్రాఫు కాగితముపై బిందువులు పెట్టింపవలెను. అణువు బరువెక్కినకొలది గుణకము పెరుగుచు బిందువులన్నియు దాదాపు ఒకే సరళరేఖపై కూర్చుండును. పెంటేను బిందువు మాత్రము రేఖ క్రిందికి జారియున్నచో సిలిండరు చలికి గురియైనదేమో యని అనుమానింపవచ్చును. అప్పుడు చూడవలసినది యంత్రమును కాదు. సిలిండరును వెచ్చని చోట చాలినంతసేపు ఉంచి, దొర్లించి, మరల క్రమాంకనము చేసి, ఆ బిందువు రేఖపైకి తిరిగి వచ్చినదా అని చూడవలెను.